ఇరుకు క్యాబినెట్‌లో అదనపు హార్డ్ డిస్కులు: అండమాన్ గాలి చెప్పే పాఠం

పెళ్లి వీడియోలు తీసే స్టూడియో, పగడపు దిబ్బల ఫొటోలు సేకరించే పరిశోధక విద్యార్థి, పాత రికార్డులన్నీ స్కాన్ చేసి దాచుకున్న సహకార సంఘం. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ ముగ్గురికీ ఏదో ఒక రోజు ఒకే సమస్య ఎదురవుతుంది. కంప్యూటర్‌లో చోటు నిండిపోతుంది. కొత్త హార్డ్ డిస్క్ కొనడం తేలికే. కానీ బల్ల కింద ఇమిడిపోయే ఆ చిన్న క్యాబినెట్‌లో దాన్ని ఎక్కడ బిగించాలి?

ఫైళ్లన్నీ ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చు కదా అని అడగవచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఈ దీవులకు బయటి ప్రపంచంతో ఇంటర్నెట్ సంబంధం ఉపగ్రహాల ద్వారానే ఉండేది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, 1,224 కోట్ల రూపాయల ఖర్చుతో వేసిన ఈ కేబుల్ స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లను కూడా కలిపింది. పరిస్థితి చాలా మెరుగైంది. అయినా ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ ఒకే వేగం అందదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. ఆరు గంటల పెళ్లికి 270 జీబీ. దీన్ని సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో పంపాలంటే 60 గంటలు, అంటే రెండున్నర రోజులు ఆగకుండా పంపుతూనే ఉండాలి. 100 మెగాబిట్ల వేగం దొరికినా ఆరు గంటలు పడుతుంది. అందుకే పెద్ద ఫైళ్లతో పనిచేసేవారికి సొంత హార్డ్ డిస్కులే ఇప్పటికీ ఆధారం.

ఇరుకు క్యాబినెట్ అనగానే చాలామందికి వచ్చే మొదటి భయం వేడి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు చెమ్మగా, ఉప్పగా ఉండే దీవి గాలిలో అంతకన్నా పెద్ద శత్రువు తేమ. డిస్క్‌ను ఎక్కడ పెట్టాలి, ఎంత ఖాళీ వదలాలి, ఫ్యాన్ ఎంత వేగంగా తిప్పాలి అనే ప్రశ్నలకు సమాధానాలు ఈ ఒక్క విషయంతో మారిపోతాయి. ఆ కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా టేపు తీసుకోండి

హార్డ్ డిస్కుల పేర్లలోని కొలతలు మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తాయి. "3.5 అంగుళాల" డిస్క్ వెడల్పు నిజానికి 101.6 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 4 అంగుళాలు. ఒకప్పుడు అదే అరలో బిగించిన 3.5 అంగుళాల ఫ్లాపీ నుంచి ఆ పేరు వచ్చింది. ఈ డిస్క్ పొడవు సుమారు 147 మి.మీ., ఎత్తు 26 మి.మీ. ల్యాప్‌టాప్‌లలో వాడే "2.5 అంగుళాల" డిస్క్ దాదాపు 70 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ఉంటుంది. దాని మందం రకాన్ని బట్టి 7 నుంచి 15 మి.మీ.

పాత క్యాబినెట్లలో సీడీ, డీవీడీ డ్రైవ్‌ల కోసం ఇచ్చిన అర ఇప్పుడు చాలామందికి అక్కర్లేదు. దాని వెడల్పు సుమారు 146 మి.మీ., ఎత్తు 41 మి.మీ. బ్రాకెట్ సాయంతో అందులో ఒక 3.5 అంగుళాల డిస్క్ హాయిగా కూర్చుంటుంది. అదే అరలో 15 మి.మీ. మందమున్న 2.5 అంగుళాల డిస్కులు నాలుగు పెట్టవచ్చు. పక్కపక్కన రెండు పెడితే 140 మి.మీ., ఒకదానిపై ఒకటి రెండు పెడితే 30 మి.మీ.

ఇలాంటి అరలు మూడు వరుసగా ఉంటే ఎత్తు 124 మి.మీ. అవుతుంది. 3.5 అంగుళాల డిస్కులను పడుకోబెట్టి పేరిస్తే నాలుగు పడతాయి, మధ్యలో కొద్దిపాటి ఖాళీ మిగులుతుంది. అల్మరాలో పుస్తకాల్లా నిలబెట్టి పేరిస్తే అయిదు పడతాయి. 146 మి.మీ. వెడల్పులో అయిదు డిస్కులకు 130 మి.మీ. పోతే మిగిలేది 16 మి.మీ. మాత్రమే. మధ్యలోని నాలుగు సందులకు పంచితే ఒక్కో సందుకు నాలుగు మిల్లీమీటర్లు. పెట్టడానికి అయిదు పడతాయి, కానీ గాలి ఆడుతుందా? ఆ ప్రశ్నకు కొద్దిసేపట్లో వద్దాం.

డిస్క్ కొలతలు మాత్రమే చూస్తే చాలదు. వెనక కేబుల్ కనెక్టర్, దాని వంపు కోసం మరో మూడు నాలుగు సెంటీమీటర్లు కావాలి. కేబుల్‌ను బలవంతంగా మడిస్తే కనెక్టర్‌పై ఒత్తిడి పడి, కొన్నాళ్లకు డిస్క్ ఒక్కోసారి కనిపించి ఒక్కోసారి మాయమవుతుంది. మదర్‌బోర్డు మీద సాటా సాకెట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కూడా చూడాలి. చిన్న బోర్డులపై సాధారణంగా నాలుగే ఉంటాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక సాటా సాకెట్ పనిచేయడం మానేస్తుంది. ఈ సంగతి బోర్డుతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

అదనపు డిస్క్‌కు బదులు పెద్ద డిస్క్ సరిపోతుందేమో కూడా ఈ దశలోనే ఆలోచించాలి. 2 టీబీ డిస్కులు మూడు ఉన్నచోట 8 టీబీ డిస్క్ ఒకటి పెడితే చోటు, కరెంటు, వేడి, కంపనం అన్నీ తగ్గుతాయి. ఇరుకు క్యాబినెట్‌లో చాలాసార్లు ఇదే మంచి పరిష్కారం. అయితే అన్నీ ఒకే డిస్క్‌లో ఉంటే రెండో ప్రతి తప్పనిసరి. తీసేసిన పాత డిస్కులు బాగుంటే ఆ పనికి వాడుకోవచ్చు.

ప్రారంభంలో అడిగే కరెంటు

హార్డ్ డిస్క్ లోపలి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. తిరుగుతున్న బండిని నడపడం కన్నా ఆగిన బండిని కదిలించడం కష్టం కదా. 3.5 అంగుళాల డిస్క్ నిలకడగా తిరిగేటప్పుడు 5 నుంచి 8 వాట్లు చాలు. కానీ స్విచ్ వేసిన మొదటి కొన్ని సెకన్లలో 12 వోల్టుల తీగ నుంచి దాదాపు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు లాగుతుంది. నాలుగు డిస్కులు ఒకేసారి మొదలైతే 8 ఆంపియర్లు, 96 వాట్లు. చిన్న క్యాబినెట్‌తో వచ్చే తక్కువ సామర్థ్యం గల ఎస్‌ఎమ్‌పీఎస్‌కు ఇది పెద్ద బరువే.

తీగలు చాలకపోతే ఒక కనెక్టర్‌ను రెండు మూడుగా చీల్చే స్ప్లిటర్లు దొరుకుతాయి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను ప్రమాణం ప్రకారం 1.5 ఆంపియర్లు మోయగలదు. మొత్తం 4.5 ఆంపియర్లు. కాబట్టి ఒక సాటా కనెక్టర్ నుంచి చీల్చి రెండు పెద్ద డిస్కులకు మించి ఇవ్వకూడదు. మూడోది కలిపితే మొదలయ్యే క్షణంలో పరిమితి దాటుతుంది, పిన్నులు వేడెక్కుతాయి. ఎస్‌ఎస్‌డీలకు ఈ ఇబ్బంది దాదాపు లేదు, ఎందుకంటే వాటిలో తిరిగేది ఏదీ లేదు.

స్ప్లిటర్ కొనేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. తీగలను అచ్చులో పెట్టి ప్లాస్టిక్ పోసిన చవక రకంలో తీగలు లోపల పక్కకు జరిగి ఒకదానికొకటి చేరువయ్యే ప్రమాదం ఉంది. షార్ట్ అయి కాలిపోయిన స్ప్లిటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. ఒక్కో తీగ విడిగా పిన్నుకు నొక్కి బిగించి, వెనక మూత తెరుచుకునే రకం మేలు.

దీవుల్లో విద్యుత్తు చాలావరకు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. కరెంటు హఠాత్తుగా పోతే డిస్క్ ఏం చేస్తుందో తెలుసా? ఇంకా తిరుగుతున్న పళ్లేల గతిశక్తితో మోటారు జనరేటర్‌లా పనిచేసి, ఆ కొద్దిపాటి విద్యుత్తుతో రీడింగ్ తలను సురక్షిత స్థానానికి చేరుస్తుంది. డిస్క్ తనను తాను కాపాడుకుంటుంది. కానీ సగం రాసిన ఫైలును కాపాడలేదు. ఆ పని యూపీఎస్‌ది. డిస్కులు పెరిగాక ఆ యూపీఎస్ మొత్తం బరువును మోయగలదో లేదో మళ్లీ లెక్క చూసుకోవాలి.

వేడి: ఫ్యాన్ కన్నా సందు ముఖ్యం

ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్ల సందు సంగతి చూద్దాం. వేడెక్కిన డిస్క్ పక్కనున్న గాలి తేలికై పైకి లేస్తుంది. చల్లని గాలి కింద నుంచి వచ్చి చేరుతుంది. దీన్నే సంవహనం అంటాం. అయితే గాలికి కూడా జిగట ఉంది. గోడను ఆనుకున్న గాలి పొర మెల్లగా కదులుతుంది. పది సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టిన రెండు వేడి పలకల మధ్య, పరిసరాలకన్నా 15 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నప్పుడు, గాలి బాగా ఆడాలంటే సుమారు 8 మి.మీ. సందు కావాలని లెక్క చెబుతుంది. అంతకన్నా తగ్గితే రెండు గోడల దగ్గరి మందగమన పొరలు కలిసిపోయి గాలి ఇరుక్కుపోతుంది. ఫ్యాన్ లేని చోట నాలుగు మిల్లీమీటర్ల సందు చాలకపోవడానికి కారణం ఇదే.

ఫ్యాన్ ఉంటే పరిస్థితి పూర్తిగా మారుతుంది. నాలుగు డిస్కులు ఒక్కోటి 7 వాట్ల చొప్పున 28 వాట్ల వేడి ఇస్తాయనుకుందాం. 12 సెంటీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ సెకనుకు 10 లీటర్ల గాలి పంపినా, ఆ గాలి బరువు 11.5 గ్రాములు. 28 వాట్ల వేడి మొత్తం ఈ గాలిలో కలిస్తే దాని ఉష్ణోగ్రత పెరిగేది రెండున్నర డిగ్రీలు మాత్రమే. అంటే గాలి సందుల్లోకి వెళ్లేలా చూస్తే చిన్న ఫ్యాన్ చాలు. గాలి డిస్కుల పక్కనుంచి జారిపోతుంటే ఎంత పెద్ద ఫ్యానైనా వృథా. అడ్డంగా వేలాడే కేబుళ్లను కట్టి పక్కకు జరపడం, ఖాళీ రంధ్రాలను మూసి గాలిని డిస్కుల వైపు మళ్లించడం ఫ్యాన్ వేగం పెంచడం కన్నా బాగా పనిచేస్తాయి.

మరి డిస్క్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదా? 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల చరిత్రను పరిశీలించి ప్రచురించిన పత్రం ఈ నమ్మకాన్ని కదిలించింది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ డిస్కులు ఎక్కువగా పాడవుతాయని వారు అనుకున్నంత బలమైన సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ ఉష్ణోగ్రతల్లో, వయసు మళ్లిన డిస్కుల్లో మాత్రం ప్రభావం కనిపించింది. మరీ చల్లగా ఉన్న డిస్కుల్లో వైఫల్యాలు ఎక్కువగానే నమోదయ్యాయి. తయారీదారులు సాధారణంగా 60 డిగ్రీల దాకా అనుమతిస్తారు. ఇంట్లో వాడకానికి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 50 దాటుతుంటే ఎక్కడో గాలి ఆగిపోతోందని అర్థం.

అసలు శత్రువు తేమ

పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మి.మీ. వాన పడుతుంది. రెండు రుతుపవనాలూ తడిపి వెళతాయి. గాలిలో తేమ సగటున 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. దానికి తోడు అలల నుంచి లేచే సన్నని ఉప్పు తుంపరలు.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం అందరికీ తెలిసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అంతకన్నా తక్కువ తేమలోనే అది చెమర్చడం మొదలవుతుంది. ఇదే ఉప్పు ధూళి సర్క్యూట్ బోర్డు మీద పడితే కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఉప్పునీరు విద్యుత్ వాహకం. కనెక్టర్ల మీద, సన్నని రాగి దారుల మీద తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

2016లో మైక్రోసాఫ్ట్, రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది పెద్ద డేటా సెంటర్లలోని పది లక్షలకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం వెలువరించారు. బయటి గాలితోనే చల్లబరిచే కేంద్రాల్లో డిస్కులు పాడవడానికి వేడి కన్నా తేమే ప్రధాన కారణంగా కనిపించింది. ఎక్కువగా దెబ్బతిన్నది లోపలి పళ్లేలు కాదు, డిస్క్‌కు అంటి ఉండే కంట్రోలర్, కనెక్షన్ల భాగం. మన సమస్యకు సూటిగా తగిలే మరో సంగతి కూడా అందులో ఉంది. తేమ ఎక్కువగా ఉన్నచోట డిస్కులను సర్వర్ వెనక భాగంలో, ఇతర భాగాలను దాటి వచ్చే వెచ్చని గాలి దారిలో పెడితే వైఫల్యాలు తగ్గుతాయి.

వెచ్చని గాలి మేలు చేయడం ఏమిటి? ఇక్కడే భౌతికశాస్త్రం సాయపడుతుంది. గాలి వేడెక్కితే దానిలోని నీటి ఆవిరి మారదు, కానీ ఆవిరిని మోయగల శక్తి పెరుగుతుంది. అందుకని తేమ శాతం పడిపోతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 33 డిగ్రీలకు వేడి చేస్తే తేమ సుమారు 60 శాతానికి దిగుతుంది. 38 డిగ్రీలకు చేరితే 46 శాతమే. ఒక్క చుక్క నీటిని కూడా తీసేయకుండానే గాలి పొడిబారింది. 38 డిగ్రీల వెచ్చదనంతో పనిచేస్తున్న డిస్క్ తన చుట్టూ తానే ఒక పొడి గొడుగు పట్టుకున్నట్టు లెక్క. దాన్ని 29 డిగ్రీలకు చల్లబరచాలని ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పితే ఆ గొడుగును మనమే లాగేసి, ఎక్కువ ఉప్పు గాలిని లోపలికి తోసినట్టవుతుంది.

కాబట్టి దీవుల్లో ఇరుకు క్యాబినెట్ అంత చెడ్డదేమీ కాదు. మితమైన వెచ్చదనం, నెమ్మదిగా కదిలే గాలి, వడపోత జాలి ఉంటే అది డిస్క్‌కు మంచి ఇల్లే. గాలి లోపలికి వచ్చే చోట సన్నని జాలి పెట్టి నెలకోసారి శుభ్రం చేయాలి. ఎంపిక చేసుకునే వీలుంటే డిస్క్‌ను ముందువైపు ఫ్యాన్‌కు ఎదురుగా కాకుండా వెచ్చని గాలి వెళ్లే దారిలో బిగించాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో దాని వేడి మరీ ఎక్కువ కనుక, ఆ గాలి సూటిగా తగలకుండా చూడాలి.

ఎక్కువ ప్రమాదం ఆపేసిన డిస్క్‌కే. రోజుల తరబడి కట్టేసిన కంప్యూటర్, బీరువాలో మూల పెట్టిన డిస్క్ గది తేమనంతా అనుభవిస్తాయి. బయట ఉంచే డిస్కులను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలను అప్పుడప్పుడు ఆరబెట్టి వాడాలి. వాడని కంప్యూటర్‌ను వారానికి కొన్ని గంటలైనా నడపడం మేలు.

ఏసీ గదితో మరో చిక్కు ఉంది. 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలికి తుషార బిందువు సుమారు 24 డిగ్రీలు. అంటే 24 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆ గాలి నీటిచుక్కలుగా పేరుకుంటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలోని డిస్క్‌ను బయటికి తెచ్చి వెంటనే బిగించి స్విచ్ వేస్తే, చల్లని సీసా మీద పట్టినట్టే దాని బోర్డు మీద నీరు పడుతుంది. బిగుతుగా మూసిన కవరులోనే రెండు మూడు గంటలు ఉంచి, గది వేడికి వచ్చాక తెరవాలి.

మామూలు హార్డ్ డిస్క్ పూర్తిగా మూసిన డబ్బా కాదు. లోపల, బయట గాలి ఒత్తిడి సమానంగా ఉండేందుకు వడపోతతో కూడిన చిన్న రంధ్రం ఉంటుంది. దాని పక్కన మూయవద్దని రాసి ఉంటుంది. చోటు చాలక టేపుతో అతికించేవారు ఈ రంధ్రాన్ని మూసేయకుండా చూసుకోవాలి. పెద్ద సామర్థ్యం గల డిస్కుల్లో కొన్నింటిని హీలియం నింపి పూర్తిగా మూసేస్తారు. వాటి లోపలికి తేమ వెళ్లదు. అయినా బయటి బోర్డు, కనెక్టర్లు అదే గాలిలో ఉంటాయి.

కుదుపు, కంపనం

డిస్క్ మీద సమాచారం సన్నని వలయాలుగా రాసి ఉంటుంది. నేటి డిస్కుల్లో రెండు వలయాల మధ్య దూరం 50 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మన వెంట్రుక మందంలో వెయ్యికి పైగా వలయాలు పడతాయి. రీడింగ్ తల పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఈ వలయాన్ని వెంబడించాలి.

7,200 వేగంతో తిరిగే డిస్క్ సెకనుకు 120 సార్లు కంపిస్తుంది. పక్కనే అలాంటిదే మరొకటి ఉంటే, రెండింటి వేగాల్లో ఉండే అతి చిన్న తేడా వల్ల కంపనాలు ఒకసారి కలిసి బలపడి, మరోసారి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఇంటర్మీడియట్ పాఠంలోని విస్పందనాలు ఇవే. పెరుగుతూ తగ్గుతూ వినిపించే గుయ్‌మనే శబ్దం వాటి గుర్తు. పలచని రేకు క్యాబినెట్ అదే పౌనఃపున్యంలో అనునాదం చెందితే తల దారి తప్పి, మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. వేగం పడిపోతుంది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరుస ముందు నిలబడి గట్టిగా అరిస్తే డిస్కుల స్పందన ఆలస్యం కావడం తెర మీద గీతలుగా కనిపించింది. ఆ వీడియో చాలా ప్రచారం పొందింది.

ఇందులోంచి తీసుకోవాల్సిన పాఠం సులువైనదే. చోటు లేదని డిస్క్‌ను కేబుళ్ల మీద వేలాడదీయకూడదు, ఒకవైపు రెండు స్క్రూలతో సరిపెట్టకూడదు. నాలుగు స్క్రూలూ బిగించాలి. అడ్డంగా, నిలువుగా, పక్కకు తిప్పి ఎలా పెట్టినా ఫరవాలేదు, కానీ కదలకూడదు. స్క్రూలు మరీ పొడవుంటే లోపలి భాగాలను తాకుతాయి కనుక డిస్క్‌కు తగినవే వాడాలి. బోర్డు ఉన్న వైపు రేకుకు ఆనకూడదు. ఎస్‌ఎస్‌డీకి ఈ బాధ లేదు. దాన్ని మదర్‌బోర్డు పలక వెనకో, క్యాబినెట్ అడుగునో, అవసరమైతే రెండువైపులా అంటుకునే టేపుతోనో పెట్టవచ్చు. అందుకే ఇరుకు క్యాబినెట్‌లో ఎస్‌ఎస్‌డీలను మూలలకు పంపి, అసలైన అరలను తిరిగే డిస్కులకు ఉంచడం తెలివైన పంపకం.

ఎక్కువ డిస్కులంటే ఎక్కువ భద్రతా?

కాదు. ఒక డిస్క్ ఏడాదిలో పాడయ్యే అవకాశం 1.5 శాతం అనుకుందాం. నాలుగు డిస్కులుంటే వాటిలో కనీసం ఒకటి ఆ ఏడాదిలో పాడయ్యే అవకాశం దాదాపు 6 శాతం. అయిదేళ్లలో 26 శాతం. డిస్కులు పెరిగే కొద్దీ ఏదో ఒకటి పోవడం ఖాయమవుతూ వస్తుంది. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రెయిడ్ ఏర్పాటు పని ఆగకుండా చూస్తుంది. కానీ పొరపాటున చెరిపిన ఫైలును రెండింటిలోనూ చెరిపేస్తుంది. పిడుగుపాటుకు కాలిన ఎస్‌ఎమ్‌పీఎస్, దొంగతనం, వరద ఒకే పెట్టెలోని అన్ని డిస్కులనూ ఒకేసారి తీసుకుపోగలవు.

ఈ మాట అండమాన్ నికోబార్‌కు కొత్తగా చెప్పాల్సింది కాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కార్ నికోబార్ తీరం ఎంత దారుణంగా దెబ్బతిన్నదో అందరికీ గుర్తే. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఒక గదిలో ఎన్ని ప్రతులు పెట్టినా, ఆ గదికే ముప్పు వస్తే ఒక్క ప్రతి కిందే లెక్క.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల 3.80 లక్షల జనాభాలో 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో చాలా కుటుంబాలకు ఉత్తరాంధ్ర తీరంలో బంధువులున్నారు. విశాఖపట్నానికి ఓడ ఉంది. 60 గంటల ప్రయాణం అనుకుంటే, సంచిలో 4 టీబీ డిస్క్‌తో ఓడెక్కిన మనిషి సెకనుకు దాదాపు 148 మెగాబిట్ల వేగంతో సమాచారం పంపినట్టు లెక్క. ఎన్నో ఇంటర్నెట్ కనెక్షన్ల కన్నా ఇది ఎక్కువే. డిస్క్‌ను మెత్తని గుడ్డలో చుట్టి, సిలికా జెల్‌తో గాలి చొరబడని కవరులో పెట్టి, పాస్‌వర్డ్ రక్షణతో పంపితే చాలు.

పనికి దిగే ముందు

1. డేటాకు మరో ప్రతి తీశాకే క్యాబినెట్ తెరవండి. ప్లగ్ తీసి, నేలకు ఎర్త్ అయిన లోహాన్ని తాకి మీ ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి.

2. ఖాళీ అరలు, సాటా సాకెట్లు, పవర్ కనెక్టర్లు మూడింటినీ లెక్కపెట్టండి. మూడింట్లో ఏది తక్కువో అదే మీ పరిమితి.

3. డిస్కుల మధ్య ఫ్యాన్ లేకపోతే 8 నుంచి 10 మి.మీ., గాలి సూటిగా తగిలితే కనీసం 4 నుంచి 5 మి.మీ. వదలండి. అయిదు పట్టే చోట నాలుగుతో ఆపడం మంచిది.

4. ఒక సాటా పవర్ కనెక్టర్ నుంచి రెండు పెద్ద డిస్కులకు మించి ఇవ్వకండి.

5. బిగించాక రెండు గంటలు పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ డిస్క్ ఉష్ణోగ్రత గమనించండి. డిస్క్ తన ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే పట్టికలో తానే రాసుకుంటుంది. దాన్ని చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి.

6. ఆ పట్టికలో చదవలేని భాగాలు మొదటిసారి కనిపించిన రోజే కొత్త డిస్క్ కొనండి. గూగుల్ అధ్యయనంలో, స్వీయ పరిశీలనలో తొలి లోపం బయటపడిన డిస్కులు తరువాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువగా తేలింది.

7. చోటు నిజంగా లేకపోతే బలవంతం చేయకండి. విడిగా పవర్ ఉన్న బయటి పెట్టెలో డిస్క్ పెట్టి యూఎస్‌బీతో కలపడం, లోపల వేలాడదీయడం కన్నా వెయ్యి రెట్లు నయం.

హైదరాబాద్‌లో ఇదే డిస్క్‌ను బిగించేవారికి మే నెల వేడి ప్రధాన ప్రశ్న. రంగత్‌లో, క్యాంప్‌బెల్ బేలో బిగించేవారికి తేమ ప్రధాన ప్రశ్న. క్యాబినెట్ ఒకటే, స్క్రూలు ఒకటే, గాలి వేరు. దీవుల్లో ఉండేవారు ఫ్యాన్ వేగం కాస్త తగ్గించి, జాలిని నెలనెలా కడిగి, ఒక ప్రతిని సముద్రం దాటిస్తే ఆ చిన్న క్యాబినెట్ వారి పనిని చాలా ఏళ్లు మోస్తుంది.